పదిహేనేళ్ళ అమ్మాయి, రెండు ఇంటిపేర్లు: ఒక నవల రాతప్రతిపై చర్చ

సత్యనారాయణపురం కథకురాలు

సభ్యులందరికీ నమస్కారం. పదమూడు నుంచి పదిహేడేళ్ళ వయసు పిల్లల కోసం నేను రాస్తున్న నవల మొదటి ప్రతి పూర్తయింది గాని, చివరి రెండు అధ్యాయాల మీద నాకు నమ్మకం కుదరడం లేదు. అడిగిన కొందరికి రాతప్రతి పంపాను. చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను.

సింధు 2010లో పుట్టింది. ఆమెకు ఏడాది నిండకముందే తండ్రి చనిపోయాడు. కొన్నేళ్ళకు తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని విజయవాడ సత్యనారాయణపురంలో స్థిరపడింది. సింధును బడిలో చేర్చినప్పుడు మారుతండ్రి ఇంటిపేరే రాయించారు. ఆ దంపతులకు తరువాత ఇంకో అమ్మాయి పుట్టింది. నాయనమ్మ, తాతయ్య గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. దుగ్గిరాల దగ్గర ఉన్న పొలాన్ని కౌలుకిచ్చారు, అక్కడ పసుపు పండుతుంది. సెలవులు వచ్చినప్పుడల్లా సింధు అక్కడికి వెళ్తుంది. అక్కడ అందరూ ఆమెను చనిపోయిన తండ్రి ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఇరుగుపొరుగుకు అలాగే పరిచయం చేస్తారు.

పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్లు, వివరాల జాబితాలు, బడి నుంచి పంపే సమయం వస్తుంది. ధ్రువపత్రం మీద ఒకసారి పేరు అచ్చయితే దాన్ని మార్చడం ఎంత కష్టమో తెలిసిన తాతయ్య, మనవరాలి పేరు ముందు తన కొడుకు ఇంటిపేరే ఉండాలని కోర్టుకు వెళ్తాడు. ఆఖరి అధ్యాయంలో గుంటూరు కోర్టులో న్యాయమూర్తి ఆ అమ్మాయిని నిలబెట్టి, నీ ఇంటిపేరు ఏదమ్మా అని అడుగుతారు. ఆమె చెప్పే జవాబుతో నవల ముగుస్తుంది. రెండు జవాబులూ రాసి చూశాను, రెండూ అబద్ధంగానే వినిపిస్తున్నాయి. లోపం జవాబులో ఉందా, ప్రశ్నలోనే ఉందా అన్నది మీ అందరినీ అడుగుతున్నాను.

అరండల్‌పేట న్యాయవాది

కథ బాగుంది గాని, కోర్టు అధ్యాయం ఇప్పుడున్న రూపంలో నిలవదు. తాతయ్య వేయగలిగింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకత్వం కోసం పిటిషన్. ఆ చట్టం ప్రకారం మైనరు మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే ఆ ప్రాంతపు కోర్టులోనే దాన్ని వేయాలి, అంటే గుంటూరులో కాదు, విజయవాడలో. కాబట్టి ప్రతి వాయిదాకూ కృష్ణ దాటి రావలసినవాడు తాతయ్యే. ఇది మీ కథకు మేలు చేసే సంగతే అనుకుంటున్నాను.

ఇక ఇంటిపేరు. ఇలాంటి తగాదాయే, తెలుగు కుటుంబాల మధ్యదే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 జూలై 28న తీర్పు వచ్చింది. భర్త చనిపోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి, బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుంది. తండ్రి తరఫు తాత, నాయనమ్మ సంరక్షకత్వం కోరుతూ వెళ్ళారు. ఆ వ్యవహారంలో హైకోర్టు పాత ఇంటిపేరును పునరుద్ధరించమని, సొంత తండ్రి పేరు చూపడానికి వీలులేని పత్రాల్లో రెండో భర్తను మారుతండ్రి అని పేర్కొనమని ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. తండ్రి లేనప్పుడు సహజ సంరక్షకురాలు తల్లే గనుక బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని, పత్రాల్లో మారుతండ్రి అని రాయించడం బిడ్డ మనసును, ఆత్మగౌరవాన్ని దెబ్బతీసే క్రూరత్వమని చెప్పింది. అసలు ఇంటిపేరు మార్చమని పిటిషన్‌లో ఎవరూ కోరనేలేదన్న సంగతిని కూడా ఎత్తి చూపింది. ఇది 2025లో జరిగే కథ కనుక మీ న్యాయమూర్తికి ఈ తీర్పు తెలిసే ఉంటుంది. నీ ఇంటిపేరు ఏదమ్మా అని ఆయన అడగరు.

అయితే అదే 1890 చట్టంలో 17వ సెక్షన్ ఉంది. ఆలోచించి తన ఇష్టాన్ని చెప్పగల వయసు మైనరుకు ఉంటే, సంరక్షకుడిని నియమించేటప్పుడు ఆ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు. చాలామంది న్యాయమూర్తులు పిల్లలతో తమ చాంబరులో, పెద్దలెవరూ లేకుండా మాట్లాడతారు. అడిగేది ఇంటిపేరు గురించి కాదు, ఎవరి దగ్గర ఉంటావని.

ఇంకొకటి. మారుతండ్రి సింధును దత్తత తీసుకోబోతాడని పదకొండో అధ్యాయంలో రాశారు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం ఆడపిల్లను దత్తత తీసుకునేవారికి అప్పటికే కూతురు ఉండకూడదు. మీ కథలో చెల్లెలు ఉంది. పైగా, ఆచారం అనుమతిస్తే తప్ప, దత్తతకు వచ్చే బిడ్డకు పదిహేనేళ్ళు నిండి ఉండకూడదు. 2015 బాలల న్యాయ చట్టం కింద మారుతండ్రి దత్తత తీసుకునే దారి వేరే ఉంది. అది ఇంకో పద్ధతి. చెల్లెలిని తమ్ముడిగా మారిస్తే ఒక చిక్కు పోతుంది గాని, వయసు చిక్కు మిగులుతుంది.

పసుపు కొమ్ము

చెల్లెలిని మార్చవద్దు. నవలలో నాకు బాగా నచ్చిన మనిషి ఆ చిన్నపిల్లే.

నాది దుగ్గిరాల వైపే. నాకూ మనవరాళ్ళు ఉన్నారు గనుక కాస్త కఠినంగానే చెబుతాను, అమ్మా, ఏమీ అనుకోవద్దు. మీరు నాయనమ్మకు అన్యాయం చేశారు. ఆమె మాట్లాడిన చోటల్లా పొలం గురించో ఇంటిపేరు గురించో మాట్లాడుతుంది. కొడుకు పోయిన ఆడమనిషి మాటలు అలా ఉండవు. ఇరవై ఎనిమిదేళ్ళు పెంచిన పిల్లవాడు పోయాక, వాడి ముక్కు, వాడి నడక మిగిలింది ఆ ఒక్క పిల్లలోనే. ఆమెకు కావలసింది ఆ పిల్ల గుమ్మంలో నిలబడటం. ఇంటిపేరు తాతయ్య పట్టుదల. ఆ ఇద్దరి దుఃఖాన్నీ మీరు ఒకే గొంతులో పెట్టేశారు.

పొలం సంగతి వచ్చింది కాబట్టి, సంక్రాంతికే పసుపు ఉడకబెట్టే వాసన వస్తుందని రాశారు. మా వైపు తవ్వకం ఊపందుకునేది పండుగ వెళ్ళాకనే. దుంపలు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, డ్రముల్లో పాలిష్ పట్టించి యార్డుకు తోలేసరికి పిల్లలకు పదో తరగతి పరీక్షలు ముంచుకొస్తాయి. ఆ రెండూ ఒకేసారి నడిపించండి, ఇంకా బాగుంటుంది.

పదో తరగతి బెంచీ

నేను ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్ నుంచి ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ ఫోనులో రాతప్రతి చదివాను. ఈ చర్చలో సింధు వయసుకు దగ్గరగా ఉన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను కనుక ధైర్యంగా చెబుతున్నాను, పెద్దలు క్షమించాలి.

సింధు చాలా మంచి పిల్ల. అదే ఇబ్బంది. ఆమె ఎవరి మీదా కోప్పడదు, ఒక్క అబద్ధమూ ఆడదు. రెండు ఇళ్ళలో పెరిగే అమ్మాయి అబద్ధం ఆడకుండా ఒక్క వారం గడపలేదు. నా స్నేహితురాలు ఒకామె పరిస్థితి ఇలాంటిదే. ఆమె వాట్సాప్ స్టేటస్ పెట్టేటప్పుడు ఎవరికి కనిపించాలి, ఎవరికి కనిపించకూడదు అని రెండు జాబితాలు ఉంటాయి. అమ్మావాళ్ళతో తిరుపతి వెళ్ళిన ఫోటో ఊళ్ళో ఉన్న తాతయ్యవాళ్ళకు కనిపించదు. అక్కడ అత్త కొనిచ్చిన డ్రెస్సు ఫోటో ఇక్కడ అమ్మకు కనిపించదు. ఎవరూ అలా చేయమని చెప్పలేదు. ఎవరి మొహం మాడుతుందో తనకే తెలుసు, అందుకే తానే చేసుకుంటుంది.

మారుతండ్రి కూడా మరీ దేవుడిలా ఉన్నాడు. ఆయన్ని కొంచెం విసిగించే మనిషిగా చేయండి. లెక్కల మార్కుల గురించి రోజూ అడగనివ్వండి. అప్పుడే ఆయన నిజంగా నాన్నలా ఉంటాడు.

రెండు గుమ్మాలు

పై మాట చదివి చాలాసేపు ఊరుకున్నాను. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను. ఇప్పుడు నలభై దాటాయి. మా కాలంలో వాట్సాప్ లేదు గాని జాబితాలు ఉండేవి. ఒక ఇంట్లో తిన్న వంట ఇంకో ఇంట్లో బాగుందని చెప్పకూడదు. గుంటూరులో మా మేనత్త తలనూనె రాసి జడ వేస్తే, బస్సు దిగేముందు ఆ జడ విప్పి మళ్ళీ వేసుకునేదాన్ని, ఎందుకంటే మా అమ్మ ఆ జడ చూసి ఏమీ అనకపోయినా చూపు మారేది. నన్ను ఎవరూ బాధపెట్టలేదు, ఎవరూ ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పమనలేదు. అందరూ మర్యాదస్తులే. ఆ మర్యాదను కాపాడే పని మాత్రం నాది.

కథకురాలు గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది: లోపం ప్రశ్నలోనే ఉంది. పదిహేనేళ్ళ పిల్లను ఎటువైపు అని అడిగేది కోర్టు కాదు. ఆమె రోజంతా తనకు తానే ఆ ప్రశ్న వేసుకుని, రోజంతా రెండు జవాబులు చెబుతూ ఉంటుంది. మీ నవల ఆ జవాబుల వెంట నడవాలి. తాతయ్య పిటిషన్ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. సింధు గుంటూరులో ఒక సింధుగా, విజయవాడలో ఇంకో సింధుగా ఎలా మారుతుందో, మారే చోటు ఎక్కడో మీరు ఇంకా రాయలేదు. రైలులో రాయవచ్చు. విజయవాడ నుంచి రైలు కృష్ణ మీద వంతెన దాటి కృష్ణా కెనాల్ జంక్షన్‌లో గుంటూరు వైపు మళ్ళుతుంది. తరువాత మంగళగిరి, నంబూరు. ఆ దారి పొడవునా ఆ పిల్ల ఏం చెప్పాలో, ఏం దాచాలో సర్దుకుంటూ ఉంటుంది.

పుష్కరాల అధ్యాయాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

పాత పలక

పుష్కరాల అధ్యాయం గురించి నాదీ అదే మాట. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు సింధుకు ఆరేళ్ళు. తల్లి, మారుతండ్రి ఆమెను విజయవాడ ఒడ్డున స్నానానికి తీసుకువెళ్తారు. మరో రోజు తాతయ్య అవతలి ఒడ్డున సీతానగరం ఘాట్‌కు తీసుకువెళ్ళి కొడుకుకు పిండప్రదానం చేస్తాడు. పురోహితుడు గోత్రం, ఇంటిపేరు, చనిపోయినవాడి పేరు పలుకుతుంటే, ఆ పేరుగల మనిషి ఎవరని ఆ పిల్ల గట్టిగా అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు. నవల మొత్తంలో ఇంత సహజంగా వచ్చిన సన్నివేశం ఇంకొకటి లేదు. తరువాత ఇంద్రకీలాద్రి మీద అర్చన చేయించేటప్పుడు పూజారి గోత్రం అడిగితే సింధు తడబడే సన్నివేశం కూడా దీని నుంచే పుట్టింది. అక్కడ మాత్రం మీరు ఒక పేరా నిండా ఆమె మనసులోని ఆవేదనను వివరించారు. ఆ పేరా తీసేయండి. తడబడింది, అమ్మ అందుకుని చెప్పింది, అర్చన అయిపోయింది. అంతే చాలు.

నేను ఉపాధ్యాయుణ్ణి కనుక నామినల్ రోల్స్ గురించి ఒక మాట. మీ నవలలో ప్రధానోపాధ్యాయుడు సింధును గదిలోకి పిలిచి, బాగా ఆలోచించుకుని రా అంటాడు. అలా జరగదు. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో బడిలో ఆ పని ఎంత హడావిడిగా ఉంటుందో చూసినవారికి తెలుసు. ప్రవేశ రిజిస్టరులో ఉన్న పేరును చూసి వివరాలు నింపుతాం, పిల్లలకు చూపించి అక్షరదోషాలు సరిచూసుకోమంటాం, తల్లిదండ్రుల సంతకం తెమ్మంటాం. ఇరవై మంది పిల్లలు బల్ల చుట్టూ మూగి ఉంటారు. సింధు తన పేరు ముందున్న ఇంటిపేరును, తండ్రి పేరు అన్న గడిలో ఉన్న పేరును చూసుకుని, అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్ అని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ హడావిడిలోనే ఆ విషయం దాటిపోవాలి. పెద్ద మలుపు అనుకున్నది చిన్న గుమాస్తా పనిలా జరిగిపోతే, చదివే పిల్లవాడికి అదే గుర్తుంటుంది.

ఇంకో విషయం భాష. మా బడిలో తొమ్మిది, పది చదివే పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గాని, చదివేటప్పుడు చాలామంది కూడబలుక్కుంటారు. మిగిలిన చదువంతా ఇంగ్లీషులోనే గనుక వేళ్ళు, కళ్ళు దానికే అలవాటు పడ్డాయి. మీ వాక్యాలు కొన్ని ఎనిమిది తొమ్మిది పంక్తులు సాగుతున్నాయి. నా మాట కూడా అలాగే సాగుతుందని తెలుసు, కానీ నేను నవల రాయడం లేదు.

పదో తరగతి బెంచీ

మాస్టారూ, పొడవు వాక్యాలు ఫరవాలేదు. కూడబలుక్కునేది కథ కదలనప్పుడే. నామినల్ రోల్స్ గురించి మీరు చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. మాకు ఆ కాగితం చూసుకోవడానికి దొరికింది రెండు నిమిషాలు. నా పుట్టిన తేదీ సరిగ్గా ఉందా అన్నదే చూసుకున్నాను.

ఇంకొకటి అడగవచ్చా? సింధు మారుతండ్రిని ఏమని పిలుస్తుంది? మొదటి అధ్యాయాల్లో నాన్న అంటుంది. గుంటూరులో ఉన్నప్పుడు ఆయన గురించి చెప్పవలసి వస్తే మా ఇంట్లో అంటుంది, ఆయన పేరు రానివ్వదు. అది మీరు కావాలని రాశారా?

సత్యనారాయణపురం కథకురాలు

కావాలనే రాశాను. నువ్వు గమనించినందుకు సంతోషం. గుంటూరు ఇంట్లో నాన్న అంటే గోడ మీద దండ వేసి ఉన్న ఫోటో. ఆ ఇంట్లో ఆ పిలుపు ఇంకొకరికి చెల్లదని సింధుకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

న్యాయవాది గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి తాతయ్య పిటిషన్ వేసినా గెలిచే అవకాశం తక్కువే. అది తెలిసీ ఆయన ఎందుకు వేస్తాడు? నవలలో దానికి నేను చూపిన కారణం పొలం. తన తరువాత ఆ పొలం సింధుకు రావాలంటే ఇంటిపేరు ఉండాలని ఆయన నమ్మకం.

అరండల్‌పేట న్యాయవాది

ఆ నమ్మకం ఊళ్ళలో చాలామందికి ఉంది గాని, చట్టంలో దానికి ఆధారం లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తనకంటే ముందు చనిపోయిన కొడుకు కూతురు మొదటి తరగతి వారసురాలు, అంటే ఆస్తి ముందుగా అందే వరసలో ఉన్న మనిషి. ఇంటిపేరు ఏదైనా ఆ హక్కు పోదు. తాతయ్య స్వార్జితమైతే వీలునామా రాసి నేరుగా ఇవ్వనూ ఇవ్వవచ్చు. పోయే ప్రమాదం ఉన్నది దత్తతతోనే. 1956 దత్తత చట్టం ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి పుట్టిన కుటుంబంతో బిడ్డ సంబంధం తెగిపోయినట్టే లెక్క; అప్పటికే తనకు సంక్రమించిన ఆస్తి మాత్రం తనతోనే ఉంటుంది. కాబట్టి తాతయ్య భయపడవలసింది ఇంటిపేరుకు కాదు, దత్తత పత్రానికి.

నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళను చూసి చెబుతున్నాను. గెలుస్తామని కేసు వేసేవారు కొందరు. మా మాట కూడా ఒకసారి కాగితం మీద ఉండాలని వేసేవారు ఇంకొందరు. రెండో రకంవారికి తీర్పు మీద పెద్ద ఆశ ఉండదు. మీ తాతయ్యను ఆ రకంగా రాస్తే ఆయన దుర్మార్గుడు కాడు, మూర్ఖుడూ కాడు.

పసుపు కొమ్ము

ఇప్పుడు దారికి వచ్చారు. అయితే ఆ కేసు సంగతి నాయనమ్మకు తెలియకూడదు. ఆయన విజయవాడ వెళ్ళే రోజున బ్యాంకు పనో, కళ్ళ డాక్టరో అని చెప్పి వెళ్ళాలి. ఆ ఇంట్లో కూడా ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటున్నారని సింధుకు తెలిసినప్పుడు, ఆ పిల్లకు తన అబద్ధాల బరువు కాస్త తగ్గుతుంది.

రెండు గుమ్మాలు

ఈ మాట ఎవరైనా నాకు పదిహేనేళ్ళప్పుడు చెప్పి ఉంటే బాగుండేది.

ఒక్కటి జోడిస్తాను. తల్లి పాత్ర నవలలో నీడగానే ఉంది. భర్త పోయి, చంకలో బిడ్డతో ఉన్న పాతికేళ్ళ మనిషి మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి ఎంతమంది ఎదురుమాటలు విని ఉంటుంది? కొత్త ఇంటిపేరు పెట్టించింది పాత కుటుంబం మీద కోపంతో కాదు. బడిలో ఇద్దరు పిల్లల ఇంటిపేర్లు వేరుగా ఉంటే ప్రతి ఏడాదీ ప్రతి టీచరూ ఎందుకమ్మా అని అడుగుతారు కనుక. సింధు ఆ సంగతి తల్లి నోటి నుంచి ఒక్కసారైనా వినాలి. మా అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనే ఊహించుకున్నాను, అదీ నాకు పిల్లలు పుట్టాక.

కృష్ణలంక పాఠకుడు

మొదటి నుంచీ చదువుతున్నాను గాని ఇప్పుడే రాస్తున్నాను. అందరూ నవలను మెత్తగా చేస్తున్నారు. కోర్టు తీసేసి, పొలం తీసేసి, నామినల్ రోల్స్‌ను గుమాస్తా పనిగా చేసి, చివరికి వాట్సాప్ స్టేటస్ దగ్గరికి తెచ్చారు. పిల్లలు కథలో ఏదో ఒకటి జరగాలని కోరుకుంటారు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఏటా వెళ్తాను. తల్లిదండ్రులు కొనిచ్చే బాలల పుస్తకాలన్నీ నీతికథలు, పురాణ కథలే, పదిహేనేళ్ళవారి కోసం ప్రత్యేకంగా రాసిన తెలుగు నవలలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాలు 2010 నుంచీ ఇస్తున్నా ఆ వయసు పాఠకుణ్ణి మనవాళ్ళు ఇంకా చిన్నపిల్లవాడిగానే చూస్తున్నారు. దొరక్క దొరికిన నవలలో కూడా కథానాయిక ఏ నిర్ణయమూ తీసుకోకపోతే ఎలా? సింధు ఏదో ఒకటి తేల్చుకోవాలి. తప్పు తేల్చుకున్నా సరే.

పాత పలక

తేల్చుకోవాలన్న మాటతో నాకు పేచీ లేదు, దేన్ని తేల్చుకోవాలన్న దగ్గరే ఉంది. ఇంటిపేరు తేల్చే అధికారం ఆమెకు లేదని న్యాయవాది గారు చెప్పారు, అది తల్లిది. ఎవరి దగ్గర ఉండాలన్నది ఆమెకు సమస్యే కాదు. తల్లి దగ్గరే ఉంటుంది, ఉండాలనుకుంటుంది. ఆమె చేతిలో నిజంగా ఉన్నది ఏమిటి? ఎవరికి ఏం చెప్పాలి, ఏం దాచాలి అన్నది ఒక్కటే. కనుక ఆమె నిర్ణయం అక్కడే జరగాలి. అది చిన్నదని మీకు అనిపించవచ్చు. పదిహేనేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద నిర్ణయం ఇంకొకటి ఉండదు.

కృష్ణలంక పాఠకుడు

అయితే ఆ నిర్ణయానికి నష్టం ఉండాలి. దాచడం మానేసింది, అందరూ అర్థం చేసుకున్నారు అని రాస్తే నేను ఒప్పుకోను.

పదో తరగతి బెంచీ

నష్టం ఉంటుంది. ఉదాహరణకు చెల్లెలి పుట్టినరోజు. నలుగురూ కలిసి దిగిన ఫోటో, కింద అమ్మ, నాన్న, చెల్లి అని రాసి, ఈసారి ఎవరినీ జాబితా నుంచి తీసేయకుండా స్టేటస్ పెడుతుంది. నాన్న అన్న మాట గుంటూరులో కనిపిస్తుంది. స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో పోతుంది, కానీ ఎవరు చూశారో ఆమెకు తెలుస్తుంది. ఆ ఇరవై నాలుగు గంటలే ఆఖరి అధ్యాయం కావచ్చు. సింధు గంటగంటకూ తెరిచి చూస్తుంది.

పసుపు కొమ్ము

వద్దమ్మా. కొడుకు ఫోటోకు రోజూ పూలు పెట్టే మనిషికి ఆ మాట ఫోనులో అలా కనిపించడం అన్యాయం. చెప్పదలచుకుంటే వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పాలి.

రెండు గుమ్మాలు

పక్కన కూర్చుని చెప్పగలిగితే పదిహేనేళ్ళు దాచదు కదండీ. ఎదురుగా చెప్పలేకనే పిల్లలు ఫోనులో చెబుతారు. సరైన పద్ధతి అని నేను అనడం లేదు. నేనైతే అలాగే చేసేదాన్ని.

సత్యనారాయణపురం కథకురాలు

ఈ చర్చ చదివాక నేను అనుకుంటున్నది ఇది. న్యాయమూర్తి చాంబరు సన్నివేశం రెండు పేజీలకు మించదు. అది కూడా నవల మధ్యలోకి వస్తుంది. ఆయన ఎవరి దగ్గర ఉంటావని అడుగుతారు, సింధు తడుముకోకుండా అమ్మ దగ్గర అంటుంది, బయట బల్ల మీద కూర్చున్న తాతయ్యకు మాత్రం ఏమీ అడగలేదని చెబుతుంది. అది ఆమె ఆడే అబద్ధాల్లో అన్నిటికంటే పెద్దది. దత్తత ఊసు మారుతండ్రి ఎత్తుతాడు, చట్టం ఒప్పుకోదని తెలుసుకుని ఊరుకుంటాడు, ఆ తరువాత లెక్కల మార్కుల గురించి అడుగుతాడు. నామినల్ రోల్స్ మాస్టారు చెప్పినట్టే రాస్తాను. చెల్లెలు చెల్లెలిగానే ఉంటుంది. తల్లి మాట్లాడే అధ్యాయం కొత్తగా రాయాలి, దానికి సమయం పడుతుంది.

స్టేటస్ విషయంలో పసుపు కొమ్ము గారి అభ్యంతరం నన్ను వదలడం లేదు. నవలలో నాయనమ్మకు విడిగా ఫోను లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఫోను తాతయ్యది. అంటే ఆ ఫోటో ముందు చూసేది ఆయన. ఆమెకు చూపించాలా, వద్దా అన్నది ఆయన తేల్చుకోవాలి. సింధుకు కనిపించేది తాతయ్య నంబరు చూసినట్టు మాత్రమే. నాయనమ్మ చూసిందో లేదో ఆమెకు తెలిసే దారి లేదు.

కృష్ణలంక పాఠకుడు

ఇది ఒప్పుకుంటాను. ఆయన చూపిస్తాడా?

పసుపు కొమ్ము

చూపించడు. ఆ తరం మగవాళ్ళు చూపించరు. కానీ ఆమెకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినడు. ఇలా రాస్తేనే ఆ అధ్యాయానికి నేను ఒప్పుకుంటాను. మళ్ళీ పంపేటప్పుడు నాకు కాగితం మీద అచ్చు తీసి పంపండి, ఫోనులో ఇంత చదవలేకపోతున్నాను.